స్పానిష్‌లో ‘చదివి ఉండేదాన్ని’ అనాలంటే? – అబ్రీయా దగ్గర ఆగిపోయాను

జామచెట్టు (హైదరాబాద్)
అందరికీ నమస్కారం. ఇంకో నెలన్నరలో డేలే బీ2 అనే స్పానిష్ ప్రావీణ్య పరీక్ష రాయబోతున్నాను. ‘మాట్లాడతాను’, ‘మాట్లాడాను’, ‘మాట్లాడేదాన్ని’ వరకు బండి బాగానే నడిచింది. ‘అబ్లరీయా’ (అవకాశం ఉంటే మాట్లాడతాను) కూడా వచ్చేసింది. దాని తర్వాత వచ్చే జంట క్రియ దగ్గరే చిక్కుపడ్డాను.

మొన్న నమూనా మౌఖిక పరీక్షలో మా టీచర్ అడిగారు: “సి నో ఉబియేరాస్ అప్రెందీదో ఎస్పాన్యోల్, కే అబ్రీయాస్ ఎచో?” నువ్వు స్పానిష్ నేర్చుకోకపోయి ఉంటే ఏం చేసి ఉండేదానివి అని. నేను “ఎస్తుదియరీయా అలెమాన్” అన్నాను. “జర్మన్ ఇప్పుడు చదువుతానన్నట్టు ఉంది, అప్పుడు చదివి ఉండేదాన్ననాలి” అన్నారావిడ. ఇంటికొచ్చి పట్టిక తీశాను. చదువుతుంటే అర్థమవుతుంది, నోరు తెరిస్తే ఒక్కటీ రాదు. పైగా అబీయా, అబ్రీయా నా చెవికి ఒకేలా వినిపిస్తున్నాయి. పరీక్ష కోసమే కాదు, ఈ వాక్యం చెప్పడం నాకు నిజంగా రావాలి. ఎవరైనా మొదటి నుంచి చెప్తారా?

---

కొబ్బరాకు (వలెన్సియా, స్పెయిన్)
చెప్తానండీ. స్పానిష్ మాటల్ని వినపడినట్టు తెలుగులోనే రాస్తున్నాను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: ఈ ‘అబ్రీయా’ కుటుంబమంతా రాతలో హెచ్ అక్షరంతో మొదలవుతుంది, పలకడంలో ఆ హెచ్ ఉండదు. పరీక్షలో రాసేటప్పుడు అది మర్చిపోతే మార్కు పోతుంది.

క్రియలో రెండు ముక్కలు. మొదటిది సహాయక క్రియ ‘అబేర్’, అది మనిషిని బట్టి మారుతుంది:

నేను – అబ్రీయా
నువ్వు – అబ్రీయాస్
అతడు, ఆమె, మీరు (ఒకరిని గౌరవంగా) – అబ్రీయా
మేము, మనం – అబ్రీయామోస్
మీరంతా (స్పెయిన్‌లో చనువుగా) – అబ్రీయాయిస్
వాళ్ళు, మీరంతా – అబ్రీయాన్

రెండో ముక్క అసలు క్రియ. నిఘంటువులో ‘ఆర్’తో ముగిసే క్రియకు ఆ ఆర్ తీసి ‘ఆదో’ పెట్టాలి. అబ్లార్ అబ్లాదో అవుతుంది, త్రబఖార్ త్రబఖాదో అవుతుంది. ‘ఎర్’, ‘ఇర్’లతో ముగిసేవి రెండూ ‘ఈదో’కే వస్తాయి. కొమేర్ – కొమీదో, బిబీర్ – బిబీదో. అంటే మూడు గణాలకు రెండే ప్రత్యయాలు.

నేను మాట్లాడి ఉండేవాణ్ణి: అబ్రీయా అబ్లాదో. మేము తిని ఉండేవాళ్ళం: అబ్రీయామోస్ కొమీదో. వాళ్ళు బతికి ఉండేవాళ్ళు: అబ్రీయాన్ బిబీదో.

ఆరు చోట్లా ‘రీ’ మీద బరువు పడాలి, రాతలో ఆ ఐ అక్షరం మీద గీత ఉండాలి. గీత లేకపోతే ‘అబ్రియా’ అని బరువంతా మొదటి అక్షరం మీదికి జారుతుంది. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది నేను ఆ గీతల్ని పట్టించుకోలేదు. ప్రాజెక్టు నివేదిక ఎర్ర సిరాతో నిండి తిరిగొచ్చింది.

---

నల్లరేగడి (వరంగల్)
జామచెట్టు గారూ, నేను గూడ గిట్లనే తిప్పలవడ్డ. ఒక్క మాట జెప్త, ధైర్యమొస్తది. ఇది అబ్లరీయా కన్న అల్కగుంటది.

ఎట్లంటరా? ఉత్త కండిషనల్‌ల, అంటే అబ్లరీయా అసుంటి రూపంల, 12 క్రియల దాంక మూలమే మారుతది గద. సలీర్ ‘సల్ద్రీయా’ అయితది, తెనేర్ ‘తెంద్రీయా’ అయితది, పొదేర్ ‘పొద్రీయా’, సబేర్ ‘సబ్రీయా’. అవన్నీ బట్టీ కొట్టాలె. ఈ జంట క్రియల కొస్తే గవే క్రియలు బుద్ధిమంతులైతయి: అబ్రీయా సలీదో, అబ్రీయా తెనీదో, అబ్రీయా పొదీదో, అబ్రీయా సబీదో. మారే పనంత అబేర్ ఒక్కటే మోస్తది. మస్తు వంకర క్రియలనుకునే ‘సేర్’, ‘ఈర్’ గూడ సూత్రం ప్రకారమే సీదో, ఈదో.

ఈడ వంకర పోయేటియి కొన్నే. చేయుడు ఎచో, చెప్పుడు దీచో, చూసుడు బీస్తో, రాసుడు ఎస్క్రీతో, పెట్టుడు పువేస్తో, తెరుసుడు అబియేర్తో, పగలగొట్టుడు రోతో, తిరిగొచ్చుడు బువేల్తో, చచ్చుడు మువేర్తో. మీ టీచర్ అడిగిన ‘అబ్రీయాస్ ఎచో’ల ఉన్నది గీ ఎచోనే. ముందుగాల ఆదో, ఈదో నోట్ల తిరగనియ్యుండ్రి, ఇవి తర్వాత జూసుకోవచ్చు.

---

పాత పలక (గుంటూరు)
నేను 31 ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మనవరాలి కోసం స్పానిష్ మొదలుపెట్టి రెండేళ్ళయింది. అమ్మాయీ, నీ చిక్కుకు మందు తెలుగులోనే ఉంది.

‘చదివి ఉండేదాన్ని’ అన్న మాటను విడదీసి చూడు. ‘చదివి’ అనేది క్త్వార్థకం. నేనైనా నువ్వైనా వాళ్ళైనా అది ‘చదివి’గానే ఉంటుంది. చదివి ఉండేదాన్ని, చదివి ఉండేవాడివి, చదివి ఉండేవాళ్ళు. మారేదంతా ‘ఉండు’ ధాతువు నెత్తిన పడింది. స్పానిష్‌లోనూ అదే పంపకం. ‘ఎస్తుదియాదో’ కదలదు, ‘అబ్రీయా’ మారుతుంది. వరస మాత్రం తిరగబడింది. మనకు అసలు క్రియ ముందు, ‘ఉండు’ వెనక. వాళ్ళకు సహాయక క్రియ ముందు.

ఇంకో సంగతి. మనం ‘చదివి ఉంటే’ అంటాం కదా, ఆ ‘తే’ షరతు చెప్పే చేదర్థకం. స్పానిష్‌లో ఆ పని ‘సి’, ‘ఉబియేరా’ కలిసి చేస్తాయి. సి ఉబియేరా ఎస్తుదియాదో, అబ్రీయా అప్రొబాదో. చదివి ఉంటే, పాసై ఉండేదాన్ని. ‘ఉంటే’కు ‘ఉబియేరా’. రెండూ ఉకారంతో మొదలవుతాయి చూశావా? నా మనవరాలికి అలాగే చెప్పాను: ‘సి’ ఉన్న ముక్కలో ఉ, రెండో ముక్కలో అ. ఆ తర్వాత ఆ పిల్ల ఆ రెంటినీ కలపలేదు.

---

జామచెట్టు
మాస్టారూ, మీకు చేతులెత్తి దండం. ఉంటే–ఉబియేరా గోడ మీద రాసి అంటించాను.

అందరూ చెప్పింది చదివాక రెండు ప్రశ్నలు మిగిలాయి. ‘నేను’కీ ‘ఆమె’కీ ఒకటే అబ్రీయా అయితే వినేవాళ్ళకి ఎవరి గురించో ఎలా తెలుస్తుంది? తెలుగులో ఉండేదాన్ని, ఉండేది అని తేడా ఉంది కదా. రెండోది, అబీయా–అబ్రీయా గొడవ అలాగే ఉంది.

---

డాలస్ దారి (టెక్సస్)
మొదటి ప్రశ్నకు జవాబు: సందర్భాన్ని బట్టి తెలుస్తుంది, తెలియదనిపిస్తే కర్తను చెప్పేస్తారు. యో అబ్రీయా ఈదో (నేను వెళ్ళి ఉండేదాన్ని), ఎయా అబ్రీయా ఈదో (ఆమె వెళ్ళి ఉండేది). మామూలుగా స్పానిష్‌లో కర్త మింగేస్తారు గానీ ఇక్కడ ధారాళంగా వాడతారు. ఇంకోటి, మన ‘ఉండేవాడు, ఉండేది’ లాంటి లింగభేదం దీనికి లేదు. మా ఆఫీసులో అమ్మాయి అన్నా అబ్బాయి అన్నా ‘అబ్రీయా యెగాదో’నే.

రెండో దానికి కొంచెం చరిత్ర చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన సంగతి. పాత స్పానిష్‌లో కండిషనల్ ఒక్క మాట కాదు, క్రియ పూర్తి రూపం పక్కన అబేర్ భూతకాలపు రూపం చేర్చి చెప్పేవాళ్ళు. కాలక్రమంలో ఆ రెండూ అతుక్కున్నాయి. అబ్లార్‌కు ‘ఈయా’ చేరితే అబ్లరీయా. అదే పద్ధతిలో అబేర్‌కు ‘ఈయా’ చేరి, మధ్యలో ‘ఎ’ జారిపోయి అబ్రీయా అయింది. అంటే అబ్రీయాలో మీకు వినిపించాల్సిన ‘ర’ అబేర్ చివర ఉన్న ‘ర’నే. అబీయా ఉత్త భూతకాలం, అందుకే అందులో ఆ ర లేదు. చాలా క్రియలకు అంతే: కొమీయా అంటే తినేవాణ్ణి, కొమెరీయా అంటే తింటాను (అవకాశం ఉంటే). ర వినిపిస్తే ఊహ, ర లేకపోతే జరిగిన సంగతి.

అబీయా ఎస్తుదియాదో – అప్పటికే చదివేశాను.
అబ్రీయా ఎస్తుదియాదో – చదివి ఉండేదాన్ని, కానీ చదవలేదు.

ఒక్క ర తేడాతో అర్థం పూర్తిగా తిరగబడుతుంది. అందుకని రోజూ ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే పది సార్లు గట్టిగా అనండి.

మాస్టారు చెప్పిన ఉ–అ సూత్రం మీద మాత్రం ఒక మాట. మా మెక్సికో స్నేహితులు రెండు వైపులా ఉబియేరానే వాడతారు: సి ఉబియేరా ఎస్తుదియాదో, ఉబియేరా అప్రొబాదో. నేను ఇక్కడ అబ్రీయా అనే మాట వినేదే తక్కువ. మరి అది తప్పంటారా?

---

పాత పలక
తప్పనే నేర్చుకున్నాను నేను. ‘సి’ ముక్కకొక రూపం, ఫలితానికొక రూపం ఉన్నప్పుడు రెండూ ఒకటే వాడితే భాషకు ఉన్న సొగసు పోదూ?

---

కొబ్బరాకు
మాస్టారూ, ఇది తప్పు కాదండీ. స్పానిష్ రాజ అకాడమీ (భాషా ప్రమాణాలు చూసే సంస్థ) కూడా ఒప్పుకుంటుంది. ఫలితం చెప్పే ముక్కలో అబ్రీయా అయినా ఉబియేరా అయినా సరే. మెక్సికోలోనే కాదు, ఇక్కడ స్పెయిన్‌లోనూ రోజూ వింటాను. జామచెట్టు గారు పరీక్షలో ఏది రాసినా పరవాలేదు.

తప్పు ఎక్కడంటే, ‘సి’ పక్కన అబ్రీయా వచ్చినప్పుడు. ‘సి అబ్రీయా ఎస్తుదియాదో, అబ్రీయా అప్రొబాదో’ అనకూడదు. ఉత్తరాన బాస్క్ ప్రాంతం, నవార్రా, లా రియోఖా, బుర్గోస్ వైపు మాతృభాషగా మాట్లాడేవాళ్ళు కూడా అలా అంటారు. నా రూమ్మేట్ బిల్బావో అమ్మాయి, వాళ్ళింట్లో అందరిదీ అదే మాట. అది వాళ్ళ యాస, దాన్ని తక్కువ చేయను. పరీక్షలో మాత్రం తప్పే.

కాబట్టి మాస్టారి సూత్రాన్ని ఇలా సవరిద్దాం: ఉ–అ సరే, ఉ–ఉ సరే, ‘సి’ పక్కన అ వద్దు.

---

పాత పలక
సరేనమ్మా, సవరించుకున్నాను. మనవరాలికి ఇవాళే చెప్తాను. ‘పాసై ఉండేదాన్ని’ అనే చోట ‘పాసయ్యేదాన్ని’ అని మనమూ అంటున్నాం కదా, రెండూ చెల్లుతున్నాయి.

---

నల్లరేగడి
మాస్టారు మంచి మాట యాదికి జేసిండ్రు. మా దిక్కు ‘ఎర్కుంటే రాకపోదు’ అంటం. ముందే తెలిసి ఉంటే వచ్చి ఉండేవాణ్ణి గాదు అని పొడుగు జెప్పం. స్పెయినోళ్ళకు గూడ గసుమంటి పొట్టి మాట ఉన్నదని ఎక్కడనో విన్న. ఏందది?

---

కొబ్బరాకు
ఉంది! “సి లొ సే, నో బెంగో.” మాటకు మాట పెడితే ‘నాకు తెలిస్తే, రాను’ – అంతా వర్తమానమే. భావం మాత్రం ‘తెలిసి ఉంటే వచ్చి ఉండేవాణ్ణి కాదు’. విసుగొచ్చిన విందుల్లో తరచూ వింటాను. ఇది మాట్లాడేటప్పుడే, వ్యాసంలో రాయకండి. వ్యాసంలో దర్జాగా రాయాలంటే “దె అబేర్లో సబీదో, నో అబ్రీయా బెనీదో” అనొచ్చు. అందులో ‘సి’ లేదు, ఉబియేరా లేదు, కాబట్టి ఆ గొడవే రాదు. నేను పరీక్షలో ఇదే రాశాను.

---

చుక్కలదుప్పి (బెంగళూరు)
చదువుతూ కూర్చున్నాను, ఒకటి చేర్చాలనిపించింది. ‘దాన్ని’, ‘నీకు’ లాంటి చిన్న మాటలు అబ్రీయాకు ముందే రావాలి, రెండు ముక్కల మధ్యలో దూరకూడదు. నీకు అది చెప్పి ఉండేవాణ్ణి: తె లొ అబ్రీయా దీచో. ‘అబ్రీయా తె లొ దీచో’ అని రాసి నేను నిరుడు మార్కులు పోగొట్టుకున్నాను. ‘నో’ ఆ చిన్న మాటలకంటే కూడా ముందు: నో తె లొ అబ్రీయా దీచో.

---

డాలస్ దారి
మనం అందరం జరగని వాటి గురించే మాట్లాడుతున్నాం. ఈ క్రియకు ఇంకో రెండు పనులున్నాయి, బీ2లో అవీ అడుగుతారు.

ఒకటి, గతంలో నిలబడి అప్పటికి ఇంకా రాబోయే సమయాన్ని చూడడం. దీఖో కె పారా లాస్ ఓచో అబ్రీయా తెర్మినాదో: ఎనిమిదింటికల్లా పని అయిపోయి ఉంటుందని చెప్పాడు. ఇక్కడ ‘జరగలేదు’ అన్న అర్థం లేదు. అయ్యుండొచ్చు, కాకపోయుండొచ్చు.

దీనికి వెనిజులాలో పుట్టి చిలీలో స్థిరపడిన ఆంద్రేస్ బేయో పెట్టిన పేరు చాలా నచ్చింది నాకు. ఆయన వ్యాకరణం 1847లో సాంతియాగోలో అచ్చయింది. ఈ క్రియను ఆయన ‘ఆంతె–పోస్–ప్రెతేరితో’ అన్నాడు. వెనక నుంచి చదవండి. ప్రెతేరితో, గతం: చెప్పాడు. పోస్, దాని తర్వాత: ఎనిమిది గంటలు. ఆంతె, దానికి ముందు: పని అయిపోవడం. ఉదాహరణ వాక్యంలో ఉన్న మూడు మెట్లూ ఆ ఒక్క పేరులో ఉన్నాయి. మెక్సికో బడి పుస్తకాల్లో ఇప్పటికీ ఇదే పేరు. స్పెయిన్ పుస్తకాల్లో ‘కొందిసియొనాల్ కొంపువేస్తో’ అనో ‘పెర్ఫెక్తో’ అనో కనిపిస్తుంది. పేర్లు మారాయని కంగారు పడొద్దు, క్రియ ఒకటే.

రెండోది, గతాన్ని ఊహించడం. క్వాందో యెగే, యా అబ్రీయాన్ సెనాదో: నేను వెళ్ళేసరికి వాళ్ళు తినేసి ఉంటారు.

---

పాత పలక
ఈ రెండోది తెలుగువాళ్ళకు ప్రమాదం. మనం ‘తినేసి ఉంటారు’ అని ఒకే మాట ఇప్పటి ఊహకూ, అప్పటి ఊహకూ వాడతాం. “ఈపాటికి తినేసి ఉంటారు”, “నేను వెళ్ళేసరికే తినేసి ఉంటారు.” స్పానిష్ ఈ రెండింటినీ వేరు చేస్తుంది. ఇప్పటి ఊహకు అబ్రాన్ సెనాదో, అప్పటి ఊహకు అబ్రీయాన్ సెనాదో. తెలుగులో ‘ఉండేవాళ్ళు’ వినపడితేనే అబ్రీయాన్ అనుకుంటే ఇక్కడ దెబ్బతింటాం. ఏ కాలంలో నిలబడి ఊహిస్తున్నామో చూసుకోవాలి. ఉండు–అబేర్ జంట చాలా దూరం కలిసొస్తుందని నేనే చెప్పాను. ఇక్కడ మాత్రం దాన్ని నమ్మొద్దు.

---

చుక్కలదుప్పి
వార్తల్లో కూడా చూశాను. ‘ఎల్ మినీస్త్రో అబ్రీయా ఫిర్మాదో’ అని. మంత్రి సంతకం చేసి ఉండేవాడా? ఎందుకు చేయలేదు అని వార్తంతా వెతికాను.

---

కొబ్బరాకు
అది వదంతి చెప్పే తీరు. మన పేపర్లలో ‘మంత్రి సంతకం చేసినట్లు సమాచారం’ అని రాస్తారే, సరిగ్గా అదే. తెలుగులో ‘సమాచారం’, ‘తెలిసింది’ అని ఇంకో మాట చేర్చి చెప్పేదాన్ని అక్కడ క్రియే చెప్పేస్తుంది. పాఠకుడు పొరబడతాడని స్పెయిన్ పత్రికల శైలీ నియమాలు దీన్ని వద్దంటాయి. చదివితే అర్థం చేసుకోండి, మీరు రాయకండి.

---

జామచెట్టు
నాలుగు రోజులు కూర్చుని రాశాను. దయచేసి దిద్దండి.

1. సి ఉబియేరా యొబీదో, నో అబ్రీయామోస్ సలీదో. (వాన పడి ఉంటే, మేము బయల్దేరి ఉండేవాళ్ళం కాదు.)
2. సి మె ఉబియేరాస్ యమాదో, తె అబ్రీయా ఎస్పెరాదో. (నువ్వు ఫోన్ చేసి ఉంటే, నీ కోసం ఆగి ఉండేదాన్ని.)
3. మిస్ ఎర్మానాస్ అబ్రీయాన్ యెగాదాస్ ఆంతేస్. (మా అక్కచెల్లెళ్ళు ముందే వచ్చి ఉండేవాళ్ళు.)
4. యో అబ్రీయా లేయీదో ఎల్ లీబ్రో. (నేను ఆ పుస్తకం చదివి ఉండేదాన్ని.)

ఇంకో సందేహం. నిన్న ఒక రేడియో ముఖాముఖిలో “నో సే సి అబ్రీయా అప్రొబాదో” అని స్పష్టంగా విన్నాను. ‘సి’ పక్కన అబ్రీయా వద్దని కదా అనుకున్నాం?

---

నల్లరేగడి
1, 2, 4 మంచిగున్నయి. నాలుగోది రాసేటప్పుడు లేయీదోల ఐ మీద గీత మర్వకుండ్రి. కయీదో, త్రయీదో, ఒయీదో అన్నిటికి గంతే. మూడోది దిద్దాలె: యెగాదాస్ గాదు, యెగాదో. అక్కచెల్లెళ్ళని జూసి ఆడ బహువచనం జేసిండ్రు. అబేర్ పక్కన ఎన్నడు మారదు. ‘ఎస్తార్’ పక్కన అయితే మారుతది, ఎస్తాన్ కన్సాదాస్ (అలిసిపోయి ఉన్నరు) అంటం. ఆ అలవాటు ఈడికొచ్చింది.

---

పాత పలక
రేడియోలో విన్న ‘సి’ వేరమ్మా. తెలుగులో పెట్టి చూడు. ‘పాసై ఉండేదాన్నో లేదో తెలియదు.’ అది ‘తే’ కాదు, ‘ఓ లేదో’. చేదర్థకం కాదు కాబట్టి ఉబియేరాతో పని లేదు. తెలుగులో ‘తే’ వస్తే ఉ, ‘ఓ లేదో’ వస్తే అబ్రీయా రావచ్చు. స్పానిష్ రెండింటికీ ఒకే ‘సి’ వాడుతోంది గానీ మనకు రెండు వేర్వేరు ప్రత్యయాలున్నాయి. ఆ అదృష్టం వాడుకో.

---

జామచెట్టు
ఇవాళ మా టీచర్ మళ్ళీ అదే ప్రశ్న అడిగారు. కాగితం చూడకుండా చెప్పాను:

“సి నో ఉబియేరా అప్రెందీదో ఎస్పాన్యోల్, అబ్రీయా ఎస్తుదియాదో అలెమాన్. నో సే సి మె అబ్రీయా గుస్తాదో.”

స్పానిష్ నేర్చుకోకపోయి ఉంటే జర్మన్ చదివి ఉండేదాన్ని. నచ్చి ఉండేదో లేదో తెలియదు.